శింగనమల క్రాస్ దాటినాక

కొర్రకు కారు పడదు.
ఈ ఒక్క మాట ఒప్పుకోడానికి నాకు
మూడు మంగళవారాలు, రెండు సీటు కవర్లు పట్టినాయి.

తాడిపత్రిలో ఎక్కిస్తామా,
బండల పాలిషింగు షెడ్లు దాటకముందే ఒక ఆవలింత.
నిద్రొస్తాందేమో పాపం, అనుకుంటి.
నిద్ర కాదంట అది.
ఆనెక మూతి నాక్కునేది, నాక్కునేది,
ఆనెక దారం మాదిరి సాగే జొల్లు,
శింగనమల క్రాస్ కాడికి పొయ్యేసరికి
పొద్దన పెట్టిన జొన్నరొట్టె మొత్తం
నా చేతిసంచిలో.

అనంతపురం ఆసుపత్రిలో ఇంకా మూడు సూదులుండాయి.
నడమంత్రాన మానేస్తే గడ్డ మళ్ళీ లేస్తాదన్నాడు డాక్టరు.

నబీ రసూల్ స్కూలు వ్యాను తోలతాడు.
పదహారేండ్లుగా ఎల్‌కేజీ పిల్లోళ్ళ కక్కులు కడిగి
ఆ చదువులో పండినోడు.
మా ఆల్టో తలుపు తీసి, తల లోపల పెట్టి,
డ్యాష్‌బోర్డు మీది మల్లెపూల సెంటు సీసాను
పీకి కాలవలోకి ఇసిరేసినాడు.
"నీకిది మల్లెపువ్వు.
దానికి గోనెసంచెడు మల్లెపూలు
ముక్కులో కుక్కినట్టు."

తర్వాత వారం మేము యాడికీ పోలేదు.
మొదటి దినం ఇంజను కొట్టకుండా
నాలుగు తలుపులూ తెరిచిపెట్టి
వెనక సీట్లో నేనూ కొర్రా బొరుగులు తింటిమి.
"యా ఊరికి సామీ ప్రయాణం?" అని పొయ్యేటోళ్ళు నవ్విరి.
రెండో దినం ఇంజను మాత్రం. గుర్రుమనింది.
దాని చెవులు వెనక్కి పడినాయి.
అయ్యో బంగారూ అనబోతే రసూల్ నా భుజం నొక్కినాడు:
నువ్వు ఏడుపుగొంతు పెడితే
ఏడ్చేదానికేదో ఉందనుకుంటాది.
మూడో దినం వీధి చివర పిండిమర దాకా.
నాలుగో దినమూ పిండిమర దాకానే.
ఐదో దినం ఎక్కనంటే ఎక్కననింది, ఊరకుంటిమి.
ఆరో దినం పెన్నకు.
నీళ్ళు లేవు, ఇసకుండాది.
ఆ ఇసకలో వెర్రిగా గుండ్రంగా ఉరికింది, పడింది, మళ్ళీ ఉరికింది.
కారు కడాకు సూదే కాదు
ఇసక కూడా ఉంటాదని
దానికి ఆ పొద్దు తెలిసినట్టుంది.

ఇదంతా మా పెద్దమ్మ ఓబుళమ్మ
అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తా చూస్తానే ఉండాది.
ఏమీ అనలేదు.
ఆరో మాపటేల, చాటలో పొట్టు చెరుగుతా అనింది:
"నా పెండ్లి బస్సులో గూడా
నన్నిట్ల ముందు రోజు కొంచేపు
ఉత్తగా కూచోబెట్టింటే ఎంత బాగుండు."

గుత్తిలో ఆమెను శానా ఏండ్లు
కక్కుల కోడలనే పిలిచినారంట.
పట్టుచీర, తలంబ్రాలు, అందరి ముందర.
మొగుడు కిటికీ పక్క సీటు ఇయ్యలేదంట,
కిటికీ పక్కన ఆయప్ప మేనమామ కూచున్నాడని.
నలభై ఏండ్లు ఈ మాట మాకెవరికీ చెప్పలేదు.
బస్సు పడదు, రానంతే, అనేది
యా పెండ్లికి పిలిచినా.

మంగళవారం కొర్రకు రొట్టె పెట్టలేదు,
నీళ్ళు రెండు గుక్కలు.
కిటికీ రెండు వేళ్ళంత దించినాను.
తలుపు మూసేలోపల పెద్దమ్మ వచ్చి కూచునింది,
పిడికిట్లో నిమ్మకాయ, భుజాన పాత తువ్వాల.
"దీన్ని పట్టుకోను ఎవరన్నా ఉండాల గదా."

బండల లారీల వెనక, తొందరపడకుండా పోతిమి.
క్రాస్ ఇంకా రాకముందే వెనకనుంచి పెద్దమ్మ:
"ఆవలించింది. ఆపు."
ఎవరు ఆవలించింది నేను అడగలేదు.
తుమ్మచెట్టు కింద ముగ్గురమూ నిలబడితిమి.
గాలి పొలం మీదినుంచి వస్తాంది.
కొర్ర మట్టి వాసన చూసింది.
పెద్దమ్మ నిమ్మకాయ గోటితో గిచ్చి
తన ముక్కు కాడ పెట్టుకునింది,
దాని ముక్కు కాడ పెడితే అది తల తిప్పుకునింది.
"నీకు పడదా, సరేలే."

క్రాస్ దాటినాము. ఏమీ కాలేదు.
అనంతపురంలో ఆసుపత్రి గేటు కనపడినాక,
ఇంక రెండు నిమిషాలుంది అనంగా,
పచ్చగా, కొంచెమంటే కొంచెం.
తువ్వాలతో తుడిచి, మడతపెట్టి,
దాని తలను ఒళ్ళోకి లాక్కుని పెద్దమ్మ అంటాంది:

"ఏం కాదు తల్లీ.
ఇక్కడ నిన్నెవరూ పేరు పెట్టి పిలవరు."

ఇంకా రెండు సూదులుండాయి.
కిటికీ పక్క సీటు ఇద్దరికీ ఉండాది.